మచిలీపట్నం పాత ప్లాన్ (1764) కొనాలనుకుంటున్నా. అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

బందరు_రేవు
అందరికీ నమస్కారం. మా సొంతూరు మచిలీపట్నం, ఉద్యోగం బెంగళూరులో. యూరప్ వాళ్లు ఓడలేసుకుని వచ్చిన కాలం నాటి మ్యాపులంటే నాకు చాన్నాళ్లుగా ఇష్టం. ఇంతవరకూ ఇంటర్నెట్‌లో స్కాన్లు చూడటమే తప్ప డబ్బు పెట్టి కొన్నది లేదు. ఈ మధ్య ఇంగ్లండ్‌లో ఒక అమ్మకందారు దగ్గర మా ఊరి ప్లాన్ కనబడింది. నోటుపుస్తకం అట్టంత ఉంటుంది, రంగులు వేసి ఉంది. బెల్లిన్, పారిస్, 1764, అసలు ప్రతి అని రాశారు. నచ్చకపోతే రెండు వారాల్లో వెనక్కి పంపొచ్చట.

ఇది నిజంగా అప్పటిదేనా? రంగులు కూడా అప్పటివేనా? మొదటిసారి కొనేవాడు దేన్ని చూడాలి, దేన్ని నమ్మకూడదు? అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

రాగిరేకు
తమ్ముడూ, మొదటి కొనుగోలుకి సొంతూరి పటం ఎంచుకున్నావు, చాలా మంచి పని. చాలామంది తెలియక పెద్ద ప్రపంచ పటాల వెంట పడతారు.

బెల్లిన్ ఫ్రెంచి నౌకాదళం మ్యాపుల విభాగంలో ఇంజినీరు. పుట్టింది 1703లో, పోయింది 1772లో. 1764లో ఐదు సంపుటాల చిన్న సముద్ర అట్లాసు వేశాడు. అందులో ఆసియా, ఆఫ్రికా మూడో సంపుటం. కాబట్టి నువ్వు చూస్తున్న షీటు పైన కుడి మూల చూడు. ఫ్రెంచిలో మూడో సంపుటం అని, పక్కన షీటు నంబరు ఉండాలి. అమ్మకందారు పెట్టిన ఫొటోలో ఆ మూల కత్తిరించి ఉంటే అడిగి తెప్పించుకో. మార్జిన్ కోసేసిన షీటుకి విలువ బాగా పడిపోతుంది, పైగా దాని పుట్టుపూర్వోత్తరాలు కూడా ఆ అంచుతోనే పోతాయి.

ఇక అచ్చు సంగతి. ఆ రోజుల్లో రాగి రేకు మీద గీతలు చెక్కి, సిరా రుద్ది, పైపైన తుడిచి, తడి కాగితం పెట్టి గట్టిగా నొక్కేవారు. ఆ ఒత్తిడికి రేకు అంచు కాగితంలోకి దిగి, పటం చుట్టూ చతురస్రంగా పల్లం పడుతుంది. గదిలో దీపాలు ఆర్పేసి, టార్చిలైటు కాగితానికి పక్కనుంచి పడుకోబెట్టి వేస్తే ఆ పల్లం స్పష్టంగా తెలుస్తుంది. చెక్కిన గీతలో ఉన్న సిరా కాగితం మీద కొద్దిగా ఉబ్బెత్తుగా నిలుస్తుంది. వేలితో రుద్దకు, ఆ లైటులోనే కనబడుతుంది. భూతద్దంలో గీత తెగకుండా నల్లగా ఉండాలి. చుక్కలు చుక్కలుగా కనబడితే అది ఈ కాలపు ఫొటో అచ్చు, ఇంకేం చూడక్కర్లేదు.

రంగుల గురించి అంత పట్టింపు వద్దు. ఈ చిన్న షీట్లు ఎక్కువగా నలుపులోనే బయటికి వచ్చాయి. మీద రంగులు తర్వాత ఎవరో గోడకి అందంగా ఉంటుందని వేసి ఉంటారు. అసలు రంగు అని చెప్పి ఎక్కువ అడిగితే మాత్రం ఒప్పుకోకు.

పాత_కాగితం
నేను కాగితం మరమ్మతు పని చేస్తాను, హైదరాబాద్‌లో. రాగిరేకు గారు అచ్చు గురించి చెప్పారు, నేను కాగితం గురించి చెప్తాను. నన్నడిగితే ముందు చూడాల్సింది అదే.

షీటుని కిటికీ వెలుతురుకి అడ్డంగా పట్టి చూడండి. అప్పటి చేతితయారీ కాగితమైతే దగ్గరదగ్గరగా సన్నని గీతలు, వాటికి అడ్డంగా అంగుళానికొకటి చొప్పున కొంచెం మందం గీతలు కనబడతాయి. అవి కాగితం తీసే జల్లెడ తీగల ముద్రలు. తీగల గుర్తు లేని నున్నని కాగితం ఇంగ్లండ్‌లో 1757 ప్రాంతంలోనే మొదలైంది, ఫ్రాన్స్‌కి ఇంకా ఆలస్యంగా వచ్చింది. కాబట్టి 1764 పారిస్ పటం నున్నని కాగితం మీద ఉంటే అనుమానించాల్సిందే. కాగితమంతా ఒకే రకం పసుపు రంగులో, టీలో ముంచి తీసినట్టు ఉన్నా జాగ్రత్త. గుడ్డపీలికలతో చేసిన కాగితం రెండున్నర శతాబ్దాల తర్వాత కూడా మధ్యలో తెల్లగా, బలంగానే ఉంటుంది. పెళుసుబారి విరిగిపోయేది చెక్క గుజ్జు కాగితం, అది 19వ శతాబ్దం మధ్య నుంచి వచ్చింది.

పాత రంగులకి ఒక గుర్తు ఉంది. అప్పటి పచ్చరంగు రాగి చిలుముతో చేసేవారు. అది ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్ని తింటుంది. షీటు తిరగేస్తే పచ్చరంగు ఉన్నచోటల్లా వెనకవైపు గోధుమరంగు మరక దిగి ఉంటుంది. వెనక తెల్లగా ఉండి ముందు పచ్చగా మెరిసిపోతుంటే ఆ రంగు చాలావరకు కొత్తదే.

పెద్ద సంస్థలే మోసపోయిన రంగం ఇది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం 1965లో విన్లాండ్ మ్యాప్ అని ఒకటి లోకానికి చూపించింది. కొలంబస్ కన్నా ముందే ఉత్తర అమెరికా తీరం గీశారని దాని గొప్ప. ఆ సిరాలో 1920ల తర్వాత వాడకంలోకి వచ్చిన టైటానియం సమ్మేళనం ఉందని, అది నకిలీ అని 2021లో యేల్ వాళ్లే తేల్చారు. తోలు కాగితం మాత్రం నిజంగానే పాతది.

వకీలు_కాకినాడ
ఒక్క విషయంలో అడ్డం పడుతున్నాను, క్షమించండి. రెండు వారాల్లో వెనక్కి పంపొచ్చు అన్న మాట మన దేశంలో ఉన్నవాళ్లకి పనికిరాదు. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన వస్తువు పురావస్తువు కిందికి వస్తుంది. శాస్త్రీయ, చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతులు, పత్రాలైతే 75 ఏళ్లకే వస్తాయి. పురావస్తువుని దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికీ, అది అనుమతించిన సంస్థలకీ తప్ప ఎవరికీ లేదు. ఇక్కడ తయారైంది, బయటనుంచి వచ్చింది అన్న తేడా ఆ నిర్వచనంలో లేదు. పార్శిల్ బెంగళూరు చేరాక నచ్చలేదని తిప్పి పంపితే మీరే ఇరుక్కుంటారు.

అందుకని పరీక్షలన్నీ అది ఇంగ్లండ్‌లో ఉండగానే అయిపోవాలి. అక్కడ చుట్టాలెవరైనా ఉన్నారా? రసీదులో పటం పేరు, సంవత్సరం, అంతకుముందు ఎవరి దగ్గరుందో రాయించుకోండి. కస్టమ్స్ దగ్గర అదే ముఖ్యం. ఇంకో మాట, ఇక్కడ పురావస్తువుల వ్యాపారం చేయాలంటే లైసెన్స్ ఉండాలి. లైసెన్స్ లేని దుకాణంలో పాత మ్యాప్ చూపించి రసీదు ఇవ్వనంటే బయటికి వచ్చేయండి.

బందరు_రేవు
వకీలు గారూ, మీరు చెప్పకపోతే నాకీ సంగతి తట్టేదే కాదు. మా అక్కావాళ్లు లండన్ దగ్గరే ఉంటారు. పార్శిల్ వాళ్లింటికే తెప్పించి, పైన చెప్పినవన్నీ అక్క చేత చూపిస్తాను.

చరిత్ర_మాస్టారు
అది వచ్చేలోపు ఆ షీటుని ఎలా చదవాలో నేను చెప్తాను బాబూ. నేను కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి.

1750 నుంచి బందరు ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది. 1753లో ఫ్రెంచి సేనాని బుస్సీ దొర హైదరాబాద్ పాలకుడు సలాబత్ జంగ్ దగ్గర ముస్తఫానగరం, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లు రాయించుకున్నాడు. 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు కంపెనీ సేనాని కల్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ల నుంచి బందరు కోటని ఒక్క రాత్రిలో పట్టుకున్నాడు. ఇప్పుడు తారీఖు చూడు. బెల్లిన్ పటం వేసింది 1764లో, అంటే ఊరు చెయ్యిజారిపోయిన ఐదేళ్లకి. పోయిన కోటని అంత శ్రద్ధగా చెక్కించి పారిస్‌లో అచ్చువేశారు. ఓడల కెప్టెన్లకి రేవు అవసరం ఎప్పటికైనా ఉంటుందనో, మళ్లీ దక్కుతుందనో, కారణం ఏదైనా ఆ షీటు బరువు నాకు అక్కడే ఉంది.

కోటకీ పేటకీ మధ్య దూరం గమనించు. మధ్యలో అంతా బురద నేల, దాని మీదుగా పొడవాటి గట్టు. ఆ రాత్రి ఫోర్డ్ చేసిన యుక్తి అంతా ఈ నేల తీరు మీదే ఆధారపడింది. నడవలేమని కాపలా తగ్గించిన బురద వైపు నుంచి కెప్టెన్ నాక్స్ మనుషులు ఉత్తుత్తి దాడి చేశారు, గట్టు వైపు విజయనగరం ఆనంద గజపతి సేన హడావుడి చేసింది, అసలు దెబ్బ ఇంకోచోట పడింది. పుస్తకంలో చదివితే ఇది నాలుగు వాక్యాలు. షీటు ముందు పెట్టుకుని వేలు జరుపుకుంటూ చదివితే ఫ్రెంచివాళ్లు ఎందుకు మోసపోయారో అర్థమవుతుంది.

1864 నవంబరు ఉప్పెనలో బందరులో సుమారు 30,000 మంది పోయారు. ఆ దెబ్బకి ఊరు మళ్లీ మునుపటిలా లేవలేదు. ఉప్పెనకి ముందు మీ ఊరు ఎలా ఉండేదో చూపించే కాగితాలు తక్కువ. అందుకే దొరికినది వదలొద్దు అంటాను.

ఎడిసన్_తెలుగు
చర్చ చాలా బాగుంది. నాది వేరే ప్రశ్న. నేను అమెరికాలో ఉంటాను. పెట్టుబడిలాగా కూడా ఉంటుందని పాతకాలపు యూరప్ మ్యాపుల తయారీదారు ఓర్టీలియస్ ప్రపంచ పటమో, డచ్చి ప్రచురణకర్త బ్లావ్ వేసిన మొగల్ సామ్రాజ్యం పటమో తీసుకుందామని చూస్తున్నాను. బ్లావ్ షీటు మీద ఏనుగులు, ఒంటెలు, సింహాలు, చూడముచ్చటగా ఉంది. ఏమంటారు?

రాగిరేకు
చూడముచ్చటే, కాదనను. దాని వెనక కథ కూడా పెద్దదే. ఇంగ్లండ్ రాయబారి థామస్ రో జహంగీర్ దర్బారులో ఉండి తిరిగొచ్చాక, అతని వివరాలతో విలియం బాఫిన్ 1619లో ఒక మ్యాప్ గీశాడు. ఉత్తర ధ్రువం వైపు దారులు వెతికిన బాఫిన్ ఇతనే, ఆ పేరుతో అక్కడ అఖాతం ఉంది. ఆగ్రా నుంచి లాహోరు దాకా బాటకి రెండువైపులా చెట్లవరుస గీశాడు. దాన్ని ఆధారం చేసుకునే బ్లావ్ 1638 ప్రాంతంలో తన షీటు వేశాడు.

కానీ పెట్టుబడి అన్న మాట దగ్గర నేను ఆగుతాను. 16, 17 శతాబ్దాల ఈ పటాలు మనం అనుకున్నంత అరుదైనవి కావు. ఓర్టీలియస్ అట్లాసు 1570లో ఆంట్వెర్ప్‌లో మొదలై ఏళ్ల తరబడి లాటిన్, డచ్చి, జర్మన్, ఫ్రెంచి భాషల్లో మళ్లీ మళ్లీ అచ్చయింది. షీటు వెనక ఏ భాషలో ఏ పాఠం ఉందో చూసి ఏ ముద్రణో తేలుస్తారు, ధర దాన్నిబట్టి మారుతుంది. నిజంగా అరుదంటే వాల్డ్‌సీముల్లర్ 1507 పటం. 12 షీట్లు, అమెరికా అన్న పేరు మొదటిసారి పడింది దానిమీదే, మిగిలింది ఒక్క ప్రతి. 1901లో జర్మనీలో ఒక కోటలో దొరికింది. 2003లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దానికి కోటి డాలర్లు పెట్టింది. మనలాంటివాళ్లకి ఈ రెండింటి మధ్యలో ఎక్కడో చోటుంది. బెల్లిన్ చిన్న షీటు వేలల్లో వస్తుంది, ఓర్టీలియస్ ప్రపంచ పటం లక్షలు దాటుతుంది. ఏడాదిలో అమ్మి లాభం చూసుకుందామంటే డీలరు కమిషనే దాన్ని మింగేస్తుంది.

ఇంకొకటి, ఇది నాకు మనసులో బాధగా ఉండే విషయం. మార్కెట్లో ఇవాళ విడిగా కనబడే షీట్లలో చాలాభాగం ఒకప్పుడు అట్లాసుల్లో ఉన్నవే. మొత్తంగా అమ్మితే వచ్చేదానికన్నా ముక్కలుగా అమ్మితే ఎక్కువ వస్తుందని చీల్చేశారు. వందేళ్ల కిందట విడిపోయిన షీటు కొనడంలో తప్పు లేదు, దాన్ని మళ్లీ కుట్టలేం. కానీ డీలరు తనే నిన్నగాక మొన్న విప్పానని చెప్తే నేను కొనను. మనం కొనకపోతే వాళ్లు చీల్చరు.

పాత_కాగితం
చీల్చేవాళ్లు కొందరైతే లైబ్రరీల్లో దొంగిలించేవాళ్లు కొందరు. ఫోర్బ్స్ స్మైలీ అనే పేరున్న డీలరు 2005 జూన్‌లో యేల్ అరుదైన పుస్తకాల లైబ్రరీలో దొరికిపోయాడు. చదివే గదిలో నేల మీద చిన్న బ్లేడు పడి ఉండటం సిబ్బంది చూశారు, అక్కడ కూపీ లాగితే మొత్తం బయటపడింది. 97 పటాలు దొంగిలించానని ఒప్పుకున్నాడు, 2006లో మూడున్నరేళ్ల శిక్ష పడింది. కొన్నవాళ్లంతా పెద్దమనుషులే, పేరున్న డీలరు కదా అని అడగకుండా కొన్నారు.

ఎడిసన్ గారూ, షీటు కొనేముందు వెనకవైపు లైబ్రరీ ముద్ర చెరిపిన జాడ ఉందా, ఒక అంచు మాత్రం కొత్తగా కోసినట్టు ఉందా చూడండి. లక్ష రూపాయల వస్తువుకి ఇంతకుముందు ఎవరిది అని అడగడం మర్యాద తక్కువ పని కాదు.

లైడెన్_నుంచి
నేను నెదర్లాండ్స్‌లో ఉంటాను. మన తీరం మీద డచ్చివాళ్ల పని చూడకుండా సేకరణ మొదలుపెట్టొద్దు. 1605కే వాళ్లు బందరు చేరారు. తర్వాత నరసాపురం, పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నం, అన్నిచోట్లా వాళ్ల గిడ్డంగులు వెలిశాయి. నిజాంపట్నం అప్పటి పటాల మీద పెటపోలి అని ఉంటుంది, తెలియకపోతే మన ఊరు పక్కనే ఉన్నా దాటిపోతాం.

వాళ్ల అసలు సముద్ర పటాలు అచ్చుకి వెళ్లేవి కావు. డచ్చి ఈస్టిండియా కంపెనీ చేతితో రాయించి ఓడలకి ఇచ్చేది, ప్రయాణం అయ్యాక వెనక్కి తీసుకునేది. ఆ పటాల బాధ్యత 1633 నుంచి బ్లావ్ కుటుంబం చేతిలోనే ఉంది. అదే కుటుంబం జనానికి అమ్మే అట్లాసులు కూడా వేసింది. కంపెనీకి తెలిసినదంతా ఆ అమ్మకం పటాల మీదికి రాలేదు. చివరికి 1753లో డచ్చి ప్రచురణకర్త వాన్ క్యూలెన్ తన సముద్ర అట్లాసు ఆరో భాగంలో ఆసియా తీరాల పటాలు అచ్చువేశాకే అవి మామూలు నావికులకి అందాయి. కొనేంత ధర కాదు నాకు, కానీ హేగ్‌లోని జాతీయ ఆర్కైవ్స్ వాళ్లు కంపెనీ చేతిరాత పటాలు చాలా స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. రాత్రిళ్లు అవి చూస్తూ కూర్చుంటే టైమే తెలియదు. లోతు కొలిచిన అంకెలు తీరం పొడుగునా చీమలబారులా ఉంటాయి.

కొత్తగా_వచ్చా
పీజీ చదువుతున్నాను. అందరూ పెద్దవాళ్లు, తప్పుగా అనుకోకండి. ఈ మ్యాపులన్నీ మన నేలని ఆక్రమించడానికి గీసినవే కదా? లోతులు కొలిచింది ఫిరంగి ఓడ లోపలికి రావడానికి. వీటిని ఫ్రేమ్ కట్టి గోడకి పెట్టుకోవడం నాకు ఇబ్బందిగా అనిపిస్తుంది. జేమ్స్ రెన్నెల్ 1782 హిందుస్థాన్ పటం మూలన ఉన్న బొమ్మ చూశారా? బ్రాహ్మణులు తమ గ్రంథాలు తెచ్చి బ్రిటన్‌కి ప్రతీకగా గీసే బ్రిటానియా దేవత చేతిలో పెడుతుంటారు.

చరిత్ర_మాస్టారు
తప్పుగా ఎందుకు అనుకుంటానమ్మా, అడగాల్సిన ప్రశ్నే అడిగావు. ఆ బొమ్మ కోసమైనా ఆ షీటు చూడాలి. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ తనని తాను ఎలా చూపించుకోవాలనుకుందో అంత బాహాటంగా చెప్పే కాగితం ఇంకోటి లేదు. రెన్నెల్ 1767లో బెంగాల్ సర్వేయర్ జనరల్ అయ్యాడు. అతని కొలతలు శిస్తుకీ సైన్యానికీ పనికొచ్చినవే, అందులో అనుమానం లేదు.

అయితే ఆ పటాల్లో మనవాళ్ల తెలివి కూడా ఉంది, పేరు మాత్రం లేదు. ఏలూరు నుంచి వెళ్లిన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు లేకపోతే కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ ఏం చేసేవాడు? ఊరూరా తిరిగి, కరణాలని, పూజారుల్ని అడిగి, శాసనాలు రాసుకుని, కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, కూర్చింది వాళ్లు. మెకంజీ 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. బొర్రయ్య 1803లోనే చిన్నవయసులో పోయాడు. తీరం పటాల్లో రేవు పేరు, ఏరు పేరు, గుడి గోపురం చోటు, ఇవన్నీ ఏ సరంగో, ఏ దుబాసో చెప్పినవి కాక ఇంకేమిటి?

అందుకే ఈ పటాలు మనవాళ్లు కూడా కొనాలి, చదవాలి, వాటి గురించి తెలుగులో రాయాలి అంటాను. గోడకి పెట్టుకుంటే పక్కన ఒక కార్డు మీద ఎవరు గీయించారు, ఎందుకు గీయించారు అన్నది కూడా రాసి పెట్టు.

కొత్తగా_వచ్చా
కార్డు ఆలోచన నచ్చింది మాస్టారూ. నా పరిశోధన వజ్రాల గనుల మీద. గోల్కొండ పటాల్లో కొల్లూరు గని కోసం వెతుకుతున్నాను. అక్కడ 60,000 మంది పనిచేసేవారని ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే రాశాడు. ఆ చోటు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది కాబట్టి పాత పటాలు తప్ప దిక్కులేదు.

రాగిరేకు
అమ్మా, అయితే ఫ్రెంచి పటాల తయారీదారు దాన్‌విల్ 1752 భారతదేశ పటం చూడు. ఫ్రెంచి కంపెనీ కోసం గీశాడు. మన దేశంలో అడుగుపెట్టలేదు గానీ, తెలియనిచోట ఏనుగు బొమ్మ పెట్టి నింపకుండా ఖాళీగా వదిలేసే నిజాయితీ ఉన్న మనిషి. స్కాన్ కోసం డేవిడ్ రమ్సీ సేకరణ చూడు, ఉచితం. హైదరాబాద్‌లోనే కళాకృతి ఆర్కైవ్స్ వాళ్ల దగ్గర మంచి పటాల సేకరణ ఉంది. కొంత ఇంటర్నెట్‌లో కూడా పెట్టారు.

బందరు_రేవు
అక్క చూసింది. మూలన మూడో సంపుటం అని ఉంది, అంకె ఉంది. టార్చి వేస్తే చుట్టూ పల్లం కనబడింది, కిటికీకి పెడితే తీగల గీతలు కూడా. ఫ్రెంచి జాతీయ లైబ్రరీ స్కాన్ పక్కన పెట్టి గీతగీత పోల్చాం, బురద నేలకి వేసిన చిన్న గీతలతో సహా సరిపోయింది. రంగు మాత్రం కొత్తదే. వెనక మచ్చ ఒక్కటీ లేదు. ఆ మాట చెప్తే అమ్మకందారు ధర కొంత తగ్గించాడు, పాత యజమాని వివరంతో రసీదు ఇచ్చాడు. తీసేసుకున్నాను. సంక్రాంతికి అక్క తెస్తుంది. నాన్నగారు బందరు ఇంట్లో హాల్లో పెట్టమంటున్నారు. ఉప్పుగాలి, చెమ్మ, టెన్షన్‌గా ఉంది. లామినేషన్ చేయిస్తే మంచిదా?

పాత_కాగితం
లామినేషన్ మాట ఎత్తొద్దు బాబూ! మా దగ్గరికి వచ్చే పాత కాగితాల్లో కోలుకోలేని దెబ్బ తిన్నవి ఎక్కువ అవే. వేడికి ప్లాస్టిక్ కాగితంలోకి కరుగుతుంది, ఇంక విడదీయలేం. సెల్లోటేపు, ఫెవికాల్ కూడా వద్దు. చిరుగు ఉంటే పలచని జపాన్ కాగితం, గోధుమపిండి జిగురుతో అతుకుతాం. అది ఎప్పుడైనా తడిపి తీసేయొచ్చు.

ఫ్రేమ్ కట్టిస్తే ఆమ్లం లేని అట్ట అడగండి, మామూలు అట్ట పదేళ్లలో కాగితాన్ని పసుపు చేస్తుంది. అద్దం పటానికి తగలకుండా మధ్యలో కిటికీలా కోసిన మౌంట్ ఉండాలి, లేకపోతే వానాకాలం చెమ్మకి అద్దానికి అంటుకుపోతుంది. బయటి గోడకి వేలాడదీయకండి, లోపలి గోడకి, ఎండ పడనిచోట పెట్టండి. ఫ్రేమ్ వెనక గోడకి తగలకుండా రెండు బెండు ముక్కలు అంటిస్తే గాలి ఆడుతుంది. ఏడాదికోసారి దింపి వెనక సిల్వర్‌ఫిష్ (కాగితం తినే పురుగు) చేరిందేమో చూసుకోండి.

నన్నడిగితే హాల్లో మంచి ప్రింట్ పెట్టి, అసలుది పెట్టెలో పడుకోబెట్టి ఉంచడం మేలు.

చరిత్ర_మాస్టారు
ఫ్రేమ్ కట్టించేముందు రెండువైపులా మంచి స్కాన్ తీయించు బాబూ, పక్కన ఒక స్కేలు పెట్టి. ఇప్పటి ఉపగ్రహ చిత్రం మీద ఆ కోట గోడలు ఎక్కడ పడతాయో సరిపోల్చి చూద్దాం. బందరుకోట డచ్చి సమాధుల చోటు తెలుసు కాబట్టి అక్కణ్ణుంచి కొలత మొదలుపెట్టొచ్చు. పండగకి నేనూ గుడివాడలోనే ఉంటాను, వచ్చి చూస్తాను.